ఆర్డిస్ నోరు మెదపని ఉదయం

ప్రతి శీతాకాలం మొదట్లో, శనివారం పొద్దున కాఫీల వేళకు, ఓరిన్ టోలెఫ్‌సన్ ఒక చేత్తో గాజు తొట్టె, ఇంకో చేత్తో గిన్నెడు ఓట్స్ జావ పట్టుకుని పార్కు హాల్లోకి వచ్చేవాడు. మిన్నెసోటా మంచు నుంచీ డకోటా గాలుల నుంచీ పారిపోయి వచ్చి, యూమా అనే ఎడారి ఊరి బయట లెట్యూస్ ఆకుకూర పొలాల పక్కన, వంటా పడకా లోపలే ఉండే ఇంటిబండ్లు ఆపుకుని ఎండ కాచుకునే రిటైరైన జనం ఆ పార్కు నిండా ఉండేవాళ్లు. వాళ్లలో కొత్తగా బండి కొన్నవాళ్లకు టాయిలెట్ ట్యాంకు సంగతులు చెప్పే పని, ఎవరూ అడక్కుండానే ఓరిన్ నెత్తినేసుకున్నాడు.

"ఇదిగో, మీ కమోడ్ కింద ఉండే ట్యాంకు ఇదీ," అని తొట్టె పైకెత్తి చూపించేవాడు. దానికి అడుగున ఒక మూల చిన్న కంత, కంతకు బిరడా. బిరడా తీసేసి, పైనుంచి జావ కొంచెం కొంచెంగా పోసేవాడు. పల్చటి నీళ్లు కంతలోంచి కారిపోయేవి. ముద్ద మాత్రం పడ్డ చోటే కూర్చుని, దాని మీద ఇంకో ముద్ద, దాని మీద మరొకటి పేరుకునేది.

"చూశారా? మురుగు కాలవకు కలిపి ఉంది కదా అని వాల్వు తెరిచి వదిలేస్తే జరిగేది ఇదే. నీళ్లు పోతాయి, సరుకు ఉండిపోతుంది. ఎండుతుంది. రాయవుతుంది. తర్వాత దాన్ని దేవుడు కూడా కదిలించలేడు. అందుకని వాల్వు మూసి ఉంచండి. ముందే ఒక బకెట్ నీళ్లు పోసి పెట్టండి. వెళ్లినప్పుడల్లా పెడలు మీద కాలు పెట్టి నీళ్లు ధారాళంగా వదలండి, పిసినారితనం చెయ్యకండి. ముప్పాతిక నిండాక ఒక్కసారిగా లాగారంటే, మొత్తం జోరుగా పోతుంది."

"కాగితం మాటేమిటండీ?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

"నీళ్లలో కరిగే కాగితం ఒక్కటే. తుడుచుకునే తడి వైప్స్ ప్యాకెట్ మీద ఇది టాయిలెట్‌లో వేయొచ్చు అని రాసి ఉంటుంది. ఆ రాసినవాడు మీ ట్యాంకు కడగడానికి రాడు."

"అంతా బాగుంది గానీ ప్రొఫెసరు గారూ," అని డ్వేన్ వెనక నుంచి అరిచేవాడు. డ్వేన్ పార్కులో అందరినీ ఏడిపించే మనిషి, ఓరిన్‌ని మరీనూ. "పాఠం అయ్యాక ఆ జావ ఏం చేస్తారు? ఆర్డిస్‌కి పెడతారా?"

"నీకే పంపిస్తాలే డ్వేన్. నీ వంటకన్నా నయంగా ఉంటుంది."

హాలంతా ఘొల్లుమనేది. ఓరిన్ భార్య ఆర్డిస్ వెనక వరసలో కూర్చుని, ఏటా విన్న హాస్యమే అయినా, ఏటా నవ్వేది. ఈ ఏడు మాత్రం ఆమె నవ్వలేదు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, గాజు తొట్టెలో పేరుకుంటున్న ముద్దనే చూస్తూ కూర్చుంది.

గడిచిన వేసవిలో ఆర్డిస్‌కి పేగు చివరనున్న గడ్డ కోసి తీసేశారు. గడ్డ పోయింది, ప్రాణం నిలబడింది. కానీ ఆపుకునే శక్తి తిరిగి రావడానికి చాలా కాలం పట్టొచ్చనీ, కొందరికి పూర్తిగా రాకపోవచ్చనీ నర్సు మెల్లగా చెవిలో చెప్పింది. అప్పుడు ఓరిన్ కింద పార్కింగులో కారు తీస్తున్నాడు. ఆమె వచ్చి ఎక్కగానే, "అంతా బాగున్నట్టేనా?" అని అడిగాడు. "బాగున్నట్టే," అంది ఆర్డిస్. ఆ ఒక్క మాట అనేశాక, దాన్ని వెనక్కి తీసుకునే సందర్భం మళ్లీ ఆమెకు దొరకలేదు.

ఆమె చాలా ఏళ్లు ఒక బడి వంటశాలకు పెద్దగా ఉండింది. గరిటె మీద మరక కనిపిస్తే గిన్నెడు పులుసూ పారబోయించే మనిషి. తన ఒంటికి ఇలాంటిది పట్టుకుందని తనకు తాను చెప్పుకోవడానికే నోరు రాలేదు. సొంతింట్లో ఉన్నన్నాళ్లూ ఫరవాలేదు. కింద గదుల్లో ఇంకో బాత్రూం ఉంది, తలుపులు మందం. ఇంటిబండిలో అలా కాదు. ఓరిన్ కుర్చీలో కూర్చుంటే చెయ్యి చాపితే అందేంత దూరంలో టాయిలెట్. తలుపు అట్టముక్కంత పల్చన. పెడలు తొక్కగానే నీళ్ల పంపు గుర్రుమని బండంతా వినబడేది.

"మళ్లీనా?" అన్నాడు ఓరిన్ ఒకసారి, పేపర్లోంచి తలెత్తకుండానే.

ఆర్డిస్‌కి తల కొట్టేసినట్టయింది. ఆనాటి నుంచి ఆమె పెడలు పూర్తిగా తొక్కడం మానేసింది. పంపు మేలుకోకముందే కాలు తీసేసేది. చెంచాడు నీళ్లు, అంతే. ఇక తుడుచుకున్న వైప్స్, లోపల పెట్టుకున్న ప్యాడ్లు ఎక్కడ పారెయ్యాలి? చెత్తబుట్ట ఓరిన్ రాజ్యం. సీసాలు వేరు, కాగితాలు వేరు అని రోజూ సాయంత్రం విడదీసి, గోల్ఫ్ బండిలో పెట్టుకుని తీసుకెళ్లేవాడు. అందుకని ఆమె వాటిని కుట్టుపని కత్తెరతో సన్నగా ముక్కలు చేసి టాయిలెట్‌లో వేసేది. ముక్కలైతే కొట్టుకుపోతాయి కదా అనుకుంది. అలా అనుకోవడం తప్ప ఆమెకు వేరే దారి కనబడలేదు. భర్త చెప్పిన పాఠం అక్షరం పొల్లు పోకుండా వచ్చు ఆమెకు. వచ్చినా, చెయ్యకూడదన్నదే రోజూ చేసేది.

"ఈమధ్య ట్యాంకు తొందరగా నిండిపోతోందేమిటి?" అని ఓరిన్ ఒకటి రెండుసార్లు గొణుక్కున్నాడు. గోడ మీది సూచిక దీపాలు ఎప్పుడూ నమ్మదగ్గవి కావు కాబట్టి తప్పు వాటిదేనని వదిలేశాడు.

క్రిస్మస్ ముందు పక్క స్థలంలోకి ట్వైలా బెక్ అనే ఆవిడ వచ్చింది. ఓక్లహోమా మనిషి. అరవై దగ్గర పడ్డ వయసు. పాత పికప్ ట్రక్కు వెనక తన ఈడుకి సరిపోయే పాత ట్రెయిలర్ లాక్కుంటూ ఒంటరిగా వచ్చింది. వచ్చిన రెండో రోజే ఆమె బండిలో కమోడ్ పగిలింది. సరిపోయే కమోడ్ ఎక్కడో ఇండియానా నుంచి రావాలన్నారు.

"అంతవరకూ మాది వాడుకో," అన్నాడు ఓరిన్. "పార్కు హాలు దాకా ఏం నడుస్తావు? ఇక్కడ మనమంతా ఒక ఇంటివాళ్లమే."

ఆర్డిస్‌కి అది ఇష్టం లేకపోయింది. కానీ వద్దనడానికి కారణం ఏం చెబుతుంది?

ట్వైలా వచ్చినప్పుడల్లా తలుపు కొట్టి, "నేనే! సింహాసనం ఖాళీగా ఉందా?" అని అరిచేది. పని ముగించుకుని వెంటనే వెళ్లేది కాదు. గుమ్మం ముందు గుడారపు నీడలో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని అక్రోటులాంటి పికాన్ కాయలు ఒలిచేది. మొగుడు వదిలేసి పోయిన సంగతి కూడా నవ్వుతూనే చెప్పేది.

"పోతే పోయాడు గానీ ఆర్డిస్, నా మంచి పెనం కూడా పట్టుకుపోయాడు. పెళ్లాం వద్దు, పెనం కావాలంట వాడికి!"

ఆర్డిస్ చాలా నెలల తర్వాత కళ్లనీళ్లు వచ్చేంతగా నవ్వింది. సిగ్గనేదే ఎరగని ఈ మనిషికి చెబితే ఏమవుతుందని ఒక మధ్యాహ్నం మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఇంతలో ఓరిన్ వచ్చాడు. మాట లోపలికే వెళ్లిపోయింది.

జనవరిలో కొత్త బండ్లు చాలా వచ్చాయి. ఈసారి గాజు తొట్టెతో సరిపెట్టకుండా అసలు పనే చూపిస్తానన్నాడు ఓరిన్. శనివారం పొద్దున అతని బండి వెనక జనం అర్ధచంద్రంగా మూగారు. డ్వేన్ మడతకుర్చీ కూడా తెచ్చుకున్నాడు. ట్వైలా తన కప్పు పట్టుకుని ముందు వరసలో నిలబడింది. ఆర్డిస్ కాఫీ కూజాతో గుమ్మం మెట్ల మీద ఆగిపోయింది.

"గొట్టం మొదట్లో ఈ పారదర్శకమైన ముక్క చూశారా? దీంట్లోంచి చూస్తే ట్యాంకు ఖాళీ అయిందో లేదో తెలుస్తుంది. ఇప్పుడు చూడండి, జలపాతంలా దూకుతుంది." ఓరిన్ చేతికి తొడుగు వేసుకుని వాల్వు పిడి లాగాడు.

ఆ ముక్కలో గోధుమరంగు నీళ్లు సన్నటి ధారగా కనబడ్డాయి. తర్వాత బొట్లు. తర్వాత అవీ లేవు.

"జలపాతం సెలవు మీద ఉన్నట్టుంది," అన్నాడు డ్వేన్.

జనం నవ్వారు. ఓరిన్ కూడా నవ్వబోయి, పిడి మూసి మళ్లీ లాగాడు. లోపలికెళ్లి పెడలు తొక్కిపట్టి చాలాసేపు నీళ్లు వదిలొచ్చాడు. ఏమీ రాలేదు. మెడ ఎర్రబడింది. నలుగురూ చూస్తుండగా ఆగిపోవడం అతనికి చేతకాలేదు. గొట్టం ఊడదీసి, ఒక పొడుగాటి ఇనుపచువ్వ కంతలోకి పెట్టి పొడిచాడు. వెనక్కి జరగమని అనడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఒక్కసారిగా గట్టు తెగింది.

అది ఓరిన్ ప్యాంటు మీద, బూట్ల మీద, కంకర నేల మీద, డ్వేన్ కుర్చీ కాళ్ల దాకా పడింది. ఆడవాళ్లు కేకలు వేస్తూ వెనక్కి పరిగెత్తారు. కంపు భరించలేక ఒకాయన పొలం కంచె దాకా వెళ్లి వాంతి చేసుకున్నాడు. పార్కు చూసుకునే నోరీన్ సున్నం బస్తా కోసం పరిగెత్తింది. అంతా కారిపోయాక, కంత నోట్లో ఇరుక్కుని తెల్లటి పీలికలు వేలాడుతున్నాయి. గుత్తులు గుత్తులుగా, నారలా పెనవేసుకుని.

"వైప్సే!" అన్నాడు డ్వేన్, ముక్కు మూసుకుని వంగి చూస్తూ. "ప్రొఫెసరు గారి ట్యాంకులో వైప్సా! చూడండి చూడండి, కత్తెరతో కత్తిరించి మరీ వేశారెవరో!"

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు.

ఓరిన్ నిటారుగా నిలబడ్డాడు. మోకాళ్ల నుంచి మురుగు కారుతోంది. "ఇది మా ఇంట్లో జరిగిన పని కాదు," అన్నాడు గట్టిగా. "పన్నెండేళ్లుగా ఈ బండిలో ఉంటున్నాం. ఒక్క ముక్క పడలేదు." అతని చూపు ట్వైలా మీద ఆగింది. దాంతో అందరి చూపులూ అటే తిరిగాయి. "నీకు మొదటిరోజే చెప్పాను కదమ్మా. కాగితం తప్ప ఏమీ వద్దని."

ట్వైలా మొదట అది పరిహాసమనుకుంది. కాదని తెలిశాక ముఖం పాలిపోయింది. "నేనా? నేనసలు వైప్స్ కొననే కొనను ఓరిన్."

"తెలియక వేశానంటే పోయేది. దాచిపెట్టడానికి ముక్కలు చేసి వెయ్యడమేమిటి?"

"నేను వెయ్యలేదంటున్నా కదా!" ట్వైలా మెట్ల వైపు తిరిగింది. "ఆర్డిస్, నువ్వు చెప్పు. నువ్వు రోజూ ఇక్కడే ఉంటావు. ఎప్పుడైనా నా చేతిలో అలాంటివి చూశావా?"

అందరూ ఆర్డిస్ వైపు చూశారు. ఆమె కాఫీ కూజాను మెట్టు మీద పెట్టింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండునని అనిపించింది.

"నాకు... నాకేం తెలుసు," అంది ఆర్డిస్. "నేను చూడలేదు."

చూడలేదన్న మాటను ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. ట్వైలా ఇంకొక్క క్షణం ఆమెనే చూసి, కప్పులో కాఫీ నేల మీద పారబోసి, తన ట్రెయిలర్‌లోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ తర్వాత ట్వైలా పేకాటకు రాలేదు. హాల్లో పంచుకునే భోజనానికి ఆమె చేసి పంపిన పికాన్ తీపిరొట్టెను ఎవరూ కొయ్యలేదు, బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఒక పొద్దున ఆమె తలుపు పిడికి ఎవరో వైప్స్ ప్యాకెట్ ఎర్ర రిబ్బనుతో కట్టి పోయారు. ట్వైలా దాన్ని విప్పి, చుట్టూ చూసి, లోపలికి తీసుకెళ్లింది. ఆర్డిస్ తన కిటికీ తెర వెనక నిలబడి అదంతా చూసింది. ఆ సాయంత్రం చికెన్ సూప్ చేసి గిన్నెలో పోసుకుని ఆమెకిచ్చింది. ట్వైలా థాంక్స్ చెప్పి తీసుకుంది గానీ, లోపలికి రమ్మనలేదు. వెనక్కి వస్తుంటే ఆర్డిస్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ సూప్ ఎందుకిచ్చిందో ఆమెకు బాగా తెలుసు.

ఓరిన్ ధ్యాసంతా ట్యాంకు మీదే. గడ్డకట్టింది ఇంకా సగం లోపలే ఉంది. వాల్వు మూసి, మురుగును కరిగించే మందు రెండు సీసాలు పోసి, గొంతుదాకా నీళ్లు నింపాడు. అది నానినన్నాళ్లూ ఇద్దరూ పార్కు హాలు టాయిలెట్‌కే నడవాల్సి వచ్చింది. ఆ దారి ఆర్డిస్‌కి నరకంలా ఉండేది. తినడం దాదాపు మానేసింది.

"ఇంక బండిని గతుకుల్లో తిప్పాలి," అన్నాడు ఓరిన్. "లోపల నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటే గోడలకు పట్టింది ఊడొస్తుంది. పద, కాలవ గట్టు మీదుగా ఎడారి వైపు పోయొద్దాం."

మధ్యాహ్నం బయల్దేరారు. కాలవ దాటాక రోడ్డంతా బట్టలుతికే చెక్కలా గాడులే. పింగాణీ గిన్నెలు అరల్లో గలగలలాడుతున్నాయి. వెనక ట్యాంకులో నీళ్లు గుభిల్లుమంటుంటే ఓరిన్ ముఖం వెలిగిపోయింది.

"వింటున్నావా? పని చేస్తోంది! ఆ ట్వైలా చేసిన పనికి ఎంత చాకిరీ చూడు. చేసిందాన్ని ఒప్పుకుంటే మనిషికేం పోతుంది? అబద్ధమాడేవాళ్లని నేను..."

"ఓరిన్, ఆపు."

"ఎందుకు? నిజమే కదా."

"బండి ఆపు."

"ఇక్కడ ఆపితే లాభం లేదు. ఇంకో నాలుగు మైళ్లు ఈ గతుకులే."

"ఓరిన్!"

ఆమె గొంతు విని అతను బ్రేకు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆర్డిస్ సీటులో బిగుసుకుపోయి కూర్చుంది, రెండు చేతులతో బెల్టు పట్టుకుని.

ఓరిన్ గాలి పీల్చి ముఖం చిట్లించాడు. "అయ్యో, ట్యాంకు పగిలినట్టుంది." గబగబా దిగి, బండి కిందికి దూరి, ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు. దుమ్ము దులుపుకుంటూ తిరిగొచ్చాడు. "కింద పొడిగానే ఉంది. ఎక్కడి నుంచి కారుతోందబ్బా?"

"ట్యాంకు కాదు ఓరిన్," అంది ఆర్డిస్. "నేను."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆపరేషన్ అయినప్పటినుంచి."

"బాగున్నానన్నావు కదా."

"అన్నాను."

అతను టోపీ అంచు తిప్పుతూ బండి వెనక్కి చూశాడు. "అయితే ఆ వైప్సు..."

"నావే. నేనే కత్తిరించి వేశాను."

ఓరిన్ వెనుదిరిగి ఎడారిలోకి కొంతదూరం నడిచి, ఒక రాయి మీద వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. తన మీద రోత పుట్టిందనుకుంది ఆర్డిస్. పుట్టడంలో వింత లేదనుకుంది. ఆమె లేవలేదు. లేస్తే ఇంకా ఏం చూడాల్సి వస్తుందోనని భయం.

అతను తిరిగొచ్చి తలుపు తీశాడు. "స్నానం చెయ్యి," అన్నాడు. "మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంది. నీళ్ల లెక్క చూసుకోకు." ఆమె స్నానం చేస్తుండగా సీటు తొడుగు విప్పి, బయట బకెట్ పెట్టుకుని రుద్దుతున్న చప్పుడు వినబడింది. ఎన్నో శీతాకాలాలు ఇతరుల మురుగు గురించి పాఠాలు చెప్పిన మనిషి, ఇప్పుడు ఒక్క మాటా లేకుండా రుద్దుతున్నాడు.

బట్టలు మార్చుకుని వచ్చి, టవలు పరిచిన సీటులో కూర్చుంది ఆర్డిస్. ఓరిన్ తాళం తిప్పలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒకసారి మళ్లీనా అన్నావు."

"నేనా? ఎప్పుడు?"

"థాంక్స్‌గివింగ్ పండగకి ముందు."

"నాకు గుర్తే లేదు ఆర్డిస్." అతను తాళం మీంచి చెయ్యి తీశాడు. "ఊరికే అని ఉంటాను. ఏదో నోటికొచ్చి."

"తెలుసు. ఊరికే అన్నావనే తెలుసు. అయినా ఆ తర్వాత పెడలు తొక్కలేకపోయాను."

ఓరిన్ రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, ముందుకు చూస్తూ ఉండిపోయాడు. "అందరి ముందు ఆ మనిషిని అన్నాను. దొంగని చేసినట్టు చేశాను. నువ్వక్కడే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"నోరు మెదపలేదు."

"లేదు."

ఒంటికి పట్టిన జబ్బు గురించి పడ్డ సిగ్గు ఒకటి. ఇది వేరు. మొదటిదానికి ఆమె తప్పేమీ లేదు. దీనికి ఉంది.

కాలవ దగ్గరికి వచ్చాక ఓరిన్ అన్నాడు, "నేనే ఏదో ఒకటి చెప్తాలే. క్రిస్మస్‌కి మనవలొచ్చారు కదా, వాళ్లు వేసుంటారని..."

"పిల్లల మీదా? ఒకళ్ల మీద వేసింది చాలదా?"

"మరి నీ సంగతి పార్కు మొత్తానికి తెలియాలా?"

"ట్వైలా పేరు పార్కు మొత్తానికీ చెప్పావు కదా ఓరిన్."

అతను బండిని పార్కు దారికి తిప్పాడు.

వాళ్లు వచ్చేసరికి ట్వైలా గుడారం మడిచేస్తోంది. కొత్త కమోడ్ వచ్చిందట, బిగించుకుందట. ఆదివారం బయల్దేరి న్యూమెక్సికోలో చుట్టాల దగ్గరికి పోతుందట. ఆర్డిస్ ఒక్కతే వెళ్లి తలుపు కొట్టింది. ట్వైలా తీసి, అడ్డం తొలగింది. కూర్చోమని మాత్రం అనలేదు.

"ఆ వైప్సు నావి," అంది ఆర్డిస్ నిలబడే. "వేసవిలో ఆపరేషన్ అయింది. అప్పటినుంచి నాకు ఆపుకోవడం చేతకావట్లేదు. ఓరిన్‌కి తెలియకూడదని అలా వేశాను. ఆ రోజు నువ్వడిగినప్పుడు..."

"నాకు తెలుసు," అంది ట్వైలా.

ఆర్డిస్ తెల్లబోయింది.

"ఒకరోజు కాగితం అయిపోతే నీ సింకు కింద వెతికాను. ప్యాడ్ల డబ్బా, వైప్సు, పక్కనే కత్తెర. అప్పుడేం అనుకోలేదు. ఈ గొడవయ్యాక ఇంటికొచ్చి కూర్చుంటే అంతా అర్థమైంది."

"మరి ఎందుకు చెప్పలేదు? చెప్పుంటే నువ్వు..."

"ఏమని చెప్పేది? అందరినీ పిలిచి, ఇదిగో ఆర్డిస్‌కి లాగులో అవుతుంది, అది నేను కాదు అనా? అంత పని నా వల్ల కాలేదు." ట్వైలా గుడారం తాడును చేతికి చుట్టుకుంటూ ఉండిపోయింది. "కానీ నువ్వు చెప్తావని చూశాను. రోజూ చూశాను. సూప్ తెచ్చినప్పుడు ఇప్పుడు చెప్తుంది అనుకున్నా. ఉప్పు సరిపోయిందేమో చూసుకోమని వెళ్లిపోయావు."

ఆర్డిస్ ఏడవలేదు. ఏడిస్తే ట్వైలాయే తనను ఓదార్చాల్సి వస్తుందని, పళ్లు బిగించి నిలబడింది. "రేపు హాల్లో చెప్తాను," అంది.

"నీ ఒంటి సంగతి చెప్పక్కర్లేదు. నేను కాదని చెప్పు, చాలు."

"అది సగమే అవుతుంది. మిగతా సగం వాళ్లే ఊహించుకుంటారు. నేనే చెప్తా."

శనివారం హాల్లో గాజు తొట్టె లేదు. ఓరిన్ చేతులు ఖాళీగా నిలబడ్డాడు. డ్వేన్ నోరు తెరవబోయేలోపే ఆర్డిస్ వెనక వరస నుంచి లేచి ముందుకు వచ్చింది. ముందే అనుకుని పెట్టుకున్న మాటలేవీ గుర్తు రాలేదు.

"మా ట్యాంకులో వైప్సు వేసింది నేను. పేగు ఆపరేషన్ తర్వాత నాకు ఆపుకోవడం కావట్లేదు. సిగ్గేసి, మా ఆయనకు కూడా చెప్పలేదు. చప్పుడవుతుందని నీళ్లు కూడా పొయ్యలేదు. ట్వైలా ఏ పాపం ఎరగదు. ఆ రోజు తను నన్నడిగింది. నేను నాకేం తెలుసన్నాను. అది అబద్ధం."

కాఫీ యంత్రం బుడబుడలాడుతోంది. ముందు వరసలో ఒకాయన తన బూట్లను శ్రద్ధగా చూసుకుంటున్నాడు. ఓరిన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ట్వైలాని అన్నది నేను," అన్నాడు. "ఏమీ తెలుసుకోకుండా, నా పరువు పోతోందని అన్నాను. మీ అందరి ముందే అన్నాను కాబట్టి మీ అందరి ముందే చెప్తున్నాను. నన్ను క్షమించు ట్వైలా."

ట్వైలా తలుపు దగ్గర నిలబడి ఉంది, పార్కు గేటు తాళం నోరీన్‌కి తిరిగిచ్చేద్దామని వచ్చి. అందరూ తన వైపు తిరిగేసరికి ఇబ్బందిగా తలూపింది. నవ్వలేదు. డ్వేన్ కుర్చీలోంచి మెల్లగా లేచి ఆమె దగ్గరికెళ్లాడు.

"ఆ రిబ్బను కట్టింది..."

"నీ గోల్ఫ్ బండి చప్పుడు నాకు వినబడదనుకున్నావా డ్వేన్? ఆ చక్రానికి నూనె పట్టించు ముందు."

ఒకరిద్దరు నవ్వారు. డ్వేన్ మాత్రం ఎర్రబడి తల దించుకున్నాడు.

జనం కాఫీల దగ్గరికి చెదిరాక నోరీన్ ఆర్డిస్ పక్కకొచ్చి, గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ, "మా అమ్మకీ ఉండేది," అంది మెల్లగా. "హాలు టాయిలెట్‌లో మూతున్న బుట్ట పెట్టిస్తా. ఎవరూ విప్పి చూడరు." ఆర్డిస్ ఆమె చెయ్యి నొక్కింది. ఇంకొందరు ఆ పూట ఆమెకు ఎదురుపడకుండా దూరం దూరంగా తిరిగారు. వాళ్లకేం మాట్లాడాలో తెలియదని ఆమెకు అర్థమైంది. అయినా నొప్పి కలిగింది.

ఆదివారం పొద్దున ఓరిన్ ట్వైలా ట్రెయిలర్‌ని ట్రక్కుకు తగిలించడంలో సాయం చేశాడు. గొలుసులు బిగించి, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూశాడు. ఆర్డిస్ ట్రక్కు కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఉండమని అడిగే మొహం నాకు లేదు," అంది.

"ఉండను కూడా," అంది ట్వైలా. "నిన్న నువ్వు చేసింది చిన్న పని కాదు. నాకు తెలుసు. కానీ కోపం పోలేదు ఆర్డిస్. పోయిందని అబద్ధం చెప్పలేను."

"వద్దు. చెప్పకు."

"పోయాక ఫోన్ చేస్తాను. పోకపోతే చెయ్యను."

ట్రక్కు కంకర మీద కరకరలాడుతూ కదిలి, గేటు దాటి, లెట్యూస్ పొలాల పక్క రోడ్డెక్కింది. ఆర్డిస్ అది కనబడినంతసేపూ నిలబడింది. ఓరిన్ వచ్చి లోపలికి పోదామా అనడిగితే, కాసేపుంటానంది.

ఆ శీతాకాలం ఫోన్ రాలేదు. ఎండలు ముదిరి, బండ్లన్నీ ఉత్తరానికి మళ్లే రోజుల్లో, మిన్నెసోటాలో ఇంటి ముందు సామాను దించుతుండగా మోగింది. ట్వైలా. న్యూమెక్సికోలో గాలి దుమ్ము గురించీ, చుట్టాల కుక్క గురించీ మాట్లాడింది. ఆర్డిస్ ఇక్కడి చెరువులో మంచు ఇంకా కరగలేదని చెప్పింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పెట్టేసే ముందు, "ఒంట్లో ఎలా ఉంది?" అనడిగింది ట్వైలా.

"బాగోలేదు," అంది ఆర్డిస్. "కొన్నాళ్లు ఫరవాలేదు, కొన్నాళ్లు అసలు బాగోదు."

"సరే," అంది ట్వైలా. "మళ్లీ చేస్తాను."